ఖాళీ ఫైలు

మా వదినంటే ఆనకట్ట ఆఫీసులో అందరికీ హడలు. ప్రోగ్రాములు రాయడం ఆవిడ పని, గేట్లు ఎత్తడం నాది. మా బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని అడిగి ప్రాణం తీస్తుంది. ఆవిణ్ణి భరించడం మా అన్నయ్యకే చెల్లింది.

అన్నయ్య మెకానిక్కు. గేటు కింది సొరంగంలోకి దిగి బోల్టులు బిగిస్తాడు. గేటు ఎత్తితే నీళ్ళు ఆ సొరంగంలోంచే దూకుతాయి. దిగేటప్పుడూ పైకొచ్చేటప్పుడూ గుమ్మం దగ్గర కార్డు ఆనించాలి. ఒక ప్రోగ్రాము లోపలున్నవాళ్ళ పేర్లను ఫైల్లో రాస్తుంది. ఇంకొకటి కాసేపటికోసారి అదే ఫైలు చదివి, పేర్లుంటే నా తెర మీద ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం చూపిస్తుంది. రెండూ పాత కాంట్రాక్టరు అంటగట్టిపోయినవి. వాటిని మారుస్తానని వదిన మొత్తుకుంటే, వానలయ్యాక చూద్దాంలే అన్నాడు సూపర్‌వైజరు.

ఆ మధ్యాహ్నం ఎగువన కుంభవృష్టి. నీళ్ళు కట్ట అంచుకు వచ్చేస్తున్నాయి. సైరన్ మోగించాం. సొరంగంలోని వాళ్ళు ఒక్కొక్కరే పైకొచ్చి కార్డు ఆనిస్తున్నారు. ఉన్నట్టుండి పచ్చదీపం వెలిగింది.

ఎత్తెయ్యమన్నాడు సూపర్‌వైజరు. బటన్ మీదికి వెళ్ళిన నా చేతిని వదిన గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఆగు. మీ అన్నయ్య ఇంకా లోపలే ఉన్నాడు. ఇప్పుడే ఫైల్లో ఆయన పేరు చూశాను."

సూపర్‌వైజరు మండిపడ్డాడు. తెర ఎవరూ లేరంటోంది, కట్ట తెగితే ఎవడు జవాబు చెప్తాడు, మీ సంసారం గొడవలు ఇంటి దగ్గర చూసుకోండి అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది.

వదిన ఆయన వంక చూడనైనా లేదు. గబగబా నాకే చెప్పింది. ఎవరు కార్డు ఆనించినా రాసే ప్రోగ్రాము పాత పేర్లన్నీ తుడిచేసి, మిగిలినవాళ్ళవి మళ్ళీ మొదటి నుంచీ రాస్తుందట. ఆ రెంటి మధ్య రెప్పపాటు కాలం ఫైల్లో ఏమీ ఉండదు. చదివేది సరిగ్గా అప్పుడే తొంగిచూసింది.

"ఖాళీగా ఉందంటే ఎవరూ లేరని కాదు. ఇంకా రాయలేదని."

సూపర్‌వైజరే బటన్ మీదికి వచ్చాడు. ఉద్యోగం పోతే పోయిందని కుర్చీతో సహా అడ్డం జరిగాను. వదిన చెప్పింది తప్పయితే కింది ఊళ్ళ గతేమిటి?

దీపం ఎర్రగా మారింది. ఫైల్లో ఒకటే పేరు, అన్నయ్యది.

సూపర్‌వైజరు వెనక్కి తగ్గాడు. కాసేపటికి మళ్ళీ పచ్చదీపం వచ్చినా నా చెయ్యి లేవలేదు. వదిన సొరంగం గుమ్మం దగ్గరికి ఫోన్ చేసి, అన్నయ్య గొంతు విన్నాకే ఎత్తమంది.

ఆ సాయంత్రమే, ఎవరినీ అడక్కుండా, రాసే ప్రోగ్రామును మార్చేసింది. ఇప్పుడు కొత్త పేర్లు పక్కన వేరే ఫైల్లో పూర్తిగా రాశాకే, అది ఒక్క దెబ్బలో పాతదాని స్థానంలోకి వస్తుంది. అంతవరకూ చదివేదానికి పాతదే కనిపిస్తుంది.

ఇంటికెళ్ళేసరికి అన్నయ్య కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆఖరి బోల్టు బిగించేసరికి ఆలస్యమైందట. జరిగింది వాడికెవరూ చెప్పలేదు.

"గేటు అంతసేపు ఎత్తలేదేంటి? వదినా మరిదీ నిద్రపోయారా?" అని నవ్వాడు.

వదిన బురద అంటిన ఆ కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.