కాగితం మీద గీసిన చెయ్యి

పన్నెండేళ్లుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు దాచేవాణ్నే కాదు.

బోధన్ వైపు చెరుకు తోటలు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. గొలుసుతో కొలిచింది ఏ రోజుదారోజు డైరీలో రాసేవాణ్ని. గట్టు తగాదా వస్తే రైతులు నా కొలతే అడిగేవారు. గొప్పకు చెప్పడం లేదు. నా తప్పు ఎందుకు బయటపడలేదో మీకు తెలియాలని చెబుతున్నాను.

మా అమ్మాయి స్రవంతి అప్పట్లో నిజామాబాద్‌లో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేది. నాలుగు లావు తీగల కరెంటు గిటార్ అది, పాట అడుగున గుమ్మంటూ మోగుతుంది. ఆర్కెస్ట్రావాళ్ల గిటార్ మెడ ఆమె చిన్న చేతికి పెద్దదయ్యేది. గంట వాయిస్తే మణికట్టు పట్టేసేది. తన చేతికి సరిపోయేది చేయించుకుందామని పుణెలో ఆర్డరు మీద గిటార్లు చేసే ఒకాయనను వెతికి పట్టుకుంది.

ఫోన్లు మొదలయ్యాయి. ఏ ఫోను ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగిసిందో డైరీలో రాసుకున్నాను. ఏ కలప కావాలని అడిగితే సరే. నిలబడి వాయిస్తావా, కూర్చునా అని ఎందుకు? ఆడపిల్ల చేతి ఫోటో ఎందుకు? ఆమె లోపల నవ్వుతుంటే నేను వరండాలో పేపరు తిప్పకుండా పట్టుకుని కూర్చునేవాణ్ని. ఆమె అతన్ని దాదా అనేది. మరాఠీలో అన్న అని అర్థం. ఆ పిలుపు కూడా నాకు ముసుగులాగే తోచింది. ఎవరతను, ఎంత వయసు అని ఒక్కసారి అడిగితే చెప్పేది. అడగలేదు. అనుమానం పెంచుకునేవాడికి జవాబుతో పనేముంది?

ఫోటోలో కొలత తెలియదు, ఎడమ చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీసి పంపమన్నాడట. స్రవంతి కాగితం తెచ్చి నా ముందే కూర్చుంది.

"కితకితలైతున్నయ్ బాపు! జల్ది గియ్యి. గిది నా చెయ్యి, చెరుకు తోట గాదు."

గీశాను. పోస్టు చేసే పని కూడా నాకే అప్పజెప్పింది. మర్నాడు పొద్దున ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఇంకో కాగితం మీద నా ఎడమ చెయ్యి పెట్టి గీశాను. కింద ఆమె పేరు రాశాను. అదే పోస్టు చేశాను.

ఏమనుకున్నాను? గిటార్ కుదరకపోతే ఇద్దరికీ చెడుతుంది, ఫోన్లు ఆగిపోతాయి అనుకున్నాను. కూతుర్ని కాపాడుకుంటున్నానని కూడా అనుకున్నానా? అనుకునే ఉంటాను, లేకపోతే పోస్టాఫీసు దాకా అంత నిబ్బరంగా ఎలా నడిచాను?

నాలుగు నెలలకు పెట్టె వచ్చింది. లోపల గిటార్‌తో పాటు ఒక ఫోటో. పనిబల్ల దగ్గర ఆ గిటార్ పట్టుకుని ఒక ముసలాయన, పక్కన ఆయన భార్య. నాకంటే పదేళ్లు పెద్దవాడు. వెనక గోడ నిండా గిటార్లు చేయించుకున్నవాళ్ల చేతుల గీతలు అంటించి ఉన్నాయి. అందులో ఒకటి నాది. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న నా చూపుడువేలు, దాని కింద నా కూతురి పేరు.

స్రవంతి ఆ గిటార్‌తో మూడు వారాలు అవస్థ పడింది. వేళ్లు అందలేదు. ఆఖరికి పుణెకు ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చి నా పక్కన కూర్చుంది.

"కొలత తప్పయి ఉంటది, మళ్ల గీసి పంపుమంటుండు బాపు. మెడ మళ్ల చెక్కిస్తడట. నీ కొలత తప్పంటే బోధన్ల ఎవ్వలన్న నమ్ముతరా?"

"ఒక్కపారి చెడగొట్టినోడు మళ్ల బాగు జేస్తడా?" అన్నాను.

"ఆయన చెడగొట్టలే బాపు. మంచిగనే చేసిండు. నా చెయ్యే దీనికి పనికిరాదు."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

"చాయ్ తాగుతవా బిడ్డా?" అన్నాను.

ఆమె ఆర్కెస్ట్రా మానేసింది. గిటార్ ఎవరికో ఇచ్చేసింది. పెళ్లయి ఈ ఊళ్లోనే ఉంటోంది. ఆ ఫోటో ఆమె సరిగా చూసిందా? అప్పటినుంచి నన్ను ఏదీ కొలవమనలేదు. పరదాలకు కిటికీ కొలవాలన్నా దర్జీని పిలిపించింది, నేను ఇంట్లో ఉండగానే. తెలిసి ఊరుకుందా? లేక దర్జీ పని దర్జీకి చెప్పింది, అంతేనా?

మొన్న ఆదివారం ఎనిమిదేళ్ల మనవరాలు గిటార్ నేర్చుకుంటానని మారాం చేసింది. స్రవంతి ఆ పిల్ల అరచెయ్యి విప్పి చూసింది.

"మనయి చిన్న చేతులు బిడ్డా. మనకు రాదు."

అంటూ నా వైపు చూసిందా? చూసిందనే అనిపించింది. ఇలా అనిపించడంతోనే కదా అంతా మొదలైంది. ఆ పిల్ల చెయ్యి ముడుచుకుని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. నేను ఈసారి కూడా ఊరుకున్నాను.

క్షమించమని అడగడం లేదు. అడగవలసింది మిమ్మల్ని కాదు. ఆమెను అడగగలనో లేదో ఇంకా తెలియదు. కానీ ఒక్క మాట ఎక్కడైనా రాయకపోతే ఊపిరాడేలా లేదు. నా కూతురి చేతిలో ఏ లోపమూ లేదు. పంపింది ఆమె చెయ్యి కాదు, నాది.