వదినా మరదళ్ళ బ్లూస్

వదిన ఇస్త్రీ పెట్టె చేతబట్టిందంటే ముడతలు భయపడి ముందే సర్దుకునేవి. అదే చేత్తో డ్రమ్ములు వాయిస్తే మూడు వీధుల అవతల బల్లుల తోకలు ఊడిపడేవి. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ మొండి బల్లుల్నే అడగవచ్చు.

వదిన పని లాండ్రీలో. ఆమె మొగుడి చెల్లెలు కాలేజీకి మధ్యలో నామం పెట్టి, ఒక పాత గిటారు భుజాన వేసుకొచ్చి, అదే లాండ్రీలో మిషన్ల దగ్గర చేరింది. ఒకే కప్పు కింద వదినా మరదళ్ళు కొట్టుకు చస్తారని లోకం కాచుక్కూర్చుంది. కొట్టడం మాత్రం నిజమే, డ్రమ్ముల్ని!

"ఏడుపుని ముడత లేకుండా ఇస్త్రీ చేస్తే బ్లూస్ వదినా. ఆ ఏడుపుకి కోపమొస్తే బ్లూస్ రాక్" అని బోధించింది మరదలు.

"ఓసి నీ! మీ అన్నని కట్టుకున్న రోజు నుంచి నేను వాయించేది అదేనే" అంది వదిన.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక వాళ్ళ సాధన. మనుషులు ఆగినా మిషన్లు ఆగవు కదా. ఆ రొదలో గిటారు వదినకి వినపడదు, మరదలి పాట మరదలికే వినపడదు. అందుకని చెవులకి సెలవిచ్చి కళ్ళతో వాయించడం నేర్చుకున్నారు. ఎదురెదురుగా చేరి, వదిన కుడి భుజం లేస్తే మరదలు తీగ మీటేది. మరదలు గడ్డం దించితే వదిన ఆపేది. ఇద్దరే మనుషులు, పదిమంది పెట్టు చప్పుడు.

ఎట్టకేలకు ఒక కాఫీ హోటలు మేడమీద హాల్లో వాయించమని పిలుపొచ్చింది. ఆ సాయంత్రం సామాను దించుతుంటే హోటలాయన వదిన దగ్గర నోరు జారాడు. "అయిదుగురి బ్యాండు పెద్దాయన వస్తున్నాడమ్మా. గిటారు పిల్లని తమలో కలుపుకుంటాడట."

వదినకి ఒకటే తోచింది. పిల్ల వెళ్ళిపోతే మళ్ళీ ఇస్త్రీ పెట్టె, తనూ. అయినా మరదలికి చెప్పలేదు.

హోటలాయన మరదల్ని ముందు, వదినని వెనక, జనం వైపు తిప్పి నిలబెట్టాడు. అన్ని బ్యాండ్లూ అలాగే ఉంటాయట. పాట మొదలైంది. మరదలికి వదిన భుజం కనపడదు, వదినకి మరదలి జడ తప్ప ఏమీ కనపడదు. గిటారు తూర్పుకి, డ్రమ్ములు పడమరకి పోయాయి. జనం కప్పుల్లోకి తలలు దించేసుకున్నారు.

ఇలాగే చెడిపోతే పెద్దాయన పిల్లని తీసుకుపోడు. ఆ ఆలోచన వదినకి రాకపోలేదు. వచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. డ్రమ్ముల్ని బరబరా ఈడ్చుకొచ్చి మరదలి ఎదురుగా పెట్టుకుంది.

"జనానికి వీపు చూపిస్తే బావుండదు వదినా!"

"జనం మనల్ని పెళ్ళిచూపులకి పిలిచారా ఏమిటి? నా వైపు చూడవే!"

"ఇక జుట్లు పట్టుకుంటారు చూడండి" అన్నారెవరో. భుజం లేచింది. తీగ మోగింది. తరవాత ఏమైందో ఎంత చెప్పినా తక్కువే. గోడలు ఒకడుగు వెనక్కి జరిగాయని, ఆ హాలు ఇప్పటికీ కాస్త విశాలంగానే ఉంటుందని చెబుతారు.

పెద్దాయన చప్పట్లు కొడుతూ వచ్చాడు. "మాతో వచ్చెయ్యమ్మా. ఊరూరా తిరుగుతాం, సొంత వ్యాను కూడా ఉంది."

మరదలు వదిన వైపు చూసింది.

"వెళ్ళవే" అంది వదిన, డ్రమ్ము పుల్లలు సంచిలో కుక్కుతూ. "నాకా చేతులు లాగేస్తున్నాయి. రేపటి నుంచి నా వల్ల కాదు."

"మా వదినకి ఇస్త్రీ చెయ్యడం వచ్చు గానీ అబద్ధం ఆడ్డం రాదండీ" అంది మరదలు పెద్దాయనతో. "మేమిద్దరమే బ్యాండు. ఏమీ అనుకోకండి."

ఆయన దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. వదిన కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే తిట్ల మూట విప్పింది. "బుద్ధిలేనిదానా! వ్యానుందన్నాడు కదే!"

"అవును సుమా" అంది మరదలు, ఎదురుగా ఉన్న డ్రమ్ముల్ని చూస్తూ. "వీటిని ఇంటిదాకా ఎవరు మోస్తారు?"

వదిన చెంగు దోపుకుని రెండేసి మెట్లు దాటుతూ దిగింది. "అన్నయ్యగారూ, కాస్త ఆగండి! మీరెటు వైపు?"