నీళ్లు తాగే మోటారు

ఆ రోజుల్లో మోటారు అంటే మాకు వస్తువు కాదు, ప్రాణమున్న జీవి. సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా బెజవాడ పోయే రోడ్డు మీద, పెట్రోలు దొరక్క వెనక బొగ్గుపొయ్యి కట్టుకుని మూలుగుతూ పోయే బస్సును చూడడానికి మా ఊరి వాళ్లు గొడ్లను వదిలేసి గట్టెక్కి నిలబడేవారు. నేనూ నిలబడ్డదాన్నే. అటువంటి నాకు, పందొమ్మిదో ఏట, నిజాం రాజ్యం పోయిన మరుసటి చలికాలంలో, ఏకంగా మోటారులోనే కాపురముండే ఉద్యోగం దొరికింది. (కాపురమంటే పెళ్లి కాపురం కాదు. మా అమ్మ కూడా మొదట అలాగే కంగారు పడింది.) మిలిటరీ వాళ్లు వదిలేసిన పెద్ద లారీ ఒకటి కొని, దాని వెనక చెక్కతో గది కట్టి, అందులో రెండు మంచాలు, మందుల బీరువా, మడిచి పెట్టుకునే బల్ల, కిటికీలకు పూల కర్టెన్లు, మూలన కిరసనాయిలు పొయ్యి అమర్చి, ఊరూరా తిరిగే దవాఖాన ఒకటి నడిపేవారు. అందులో నేను నర్సును. జనం దాన్ని ‘ఇల్లు మోటారు’ అనేవారు.

ఆ ఇంట్లో మేము ముగ్గురం. డాక్టరమ్మది బెజవాడ వైపు. మాట మెత్తన, చేతుల శుభ్రం దగ్గర మాత్రం రాకాసి. ఏ ఊళ్లో బండి ఆగినా అయిదు నిమిషాల్లో తెల్ల బేసినులో వేడినీళ్లు, సబ్బు, తువ్వాలు ఆవిడ ముందుండాలి. లేకపోతే రోగిని ముట్టేది కాదు. మూడోవాడు డ్రైవరు. ఆయన్ను మిలిట్రీ మామ అనేవాళ్లం. యుద్ధంలో బర్మా అడవుల్లో లారీలు తోలి వచ్చినవాడు, అప్పటి బూట్లే ఇంకా తొడిగేవాడు. భార్య పోయింది, ఊళ్లో సెంటు భూమి లేదు, ముందు సీటే ఆయన ఇల్లు. పొద్దున్నే లేచి బండికి దండం పెట్టి, రేడియేటరు మూత తిప్పి, బిందెతో నీళ్లు పోస్తూ, "తాగు బిడ్డా, ఇయ్యాల శాన దూరం పోవాలె" అనేవాడు. నన్ను కూడా బిడ్డా అనే పిలిచేవాడు కనుక ఒక్కోసారి నేనే పలికేదాన్ని.

మొదటి పక్షం రోజులు బండి రాజాలా నడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం, ఒక పల్లెలో రోగులను చూసి కోదాడకు తిరిగి వస్తుంటే, మునగాల దాటాక ముందునుంచి ఆవిరి బుస్సున లేచింది. నేను దేవుణ్ని తలుచుకున్నాను, డాక్టరమ్మ గొడుగు తీసుకుంది (ఎందుకో ఆవిడకూ తెలియదు). మామ గుడ్డ చుట్టి మూత తిప్పి చూస్తే రేడియేటరులో నీళ్లు తక్కువయ్యాయి. "పొద్దుగాలనే గొంతుదాక పోసిన గదా, యాడికి పోయినయ్?" అన్నాడు. మర్నాడు అంతే. ఆ మర్నాడూ అంతే. పోసిన నీళ్లలో సరిగ్గా చిన్న బిందెడు మాయం. రోడ్డు మీద బండి ఆగిపోవడం, రోగులు ఎదురుచూసి వెళ్లిపోవడం నాలుగుసార్లు జరిగేసరికి దవాఖాన నడిపే పెద్దల నుంచి ఉత్తరం వచ్చింది. డ్రైవరు అజాగ్రత్త వల్లే ఇలా అవుతున్నట్టుందనీ, మిర్యాలగూడ మకాం నాటికి బండి బాగుపడకపోతే ఆయన్ను పంపేసి వేరే మనిషిని పెట్టాలనీ అందులో రాశారు. డాక్టరమ్మ ఆ ఉత్తరం చదువుతుంటే మామ నేల చూస్తూ నిలబడ్డాడు. "నౌకరి పోతె పోనియ్యమ్మా. గీ బండి దిగితే రాత్రి యాడ పండాల్నో గూడ నాకు తెల్వది" అన్నాడు.

అక్కడి నుంచి మామ ఆ నీళ్ల వెంట పడ్డ తీరు చూసి నేను నోరు వెళ్లబెట్టాను. ఒక పెద్ద డాక్టరు కూడా రోగిని అంత శ్రద్ధగా చూడడు. ఇంజను కింద నేలమీద బూడిద పరిచి, తెల్లారాక ఇద్దరం బోర్లా పడుకుని చుక్క పడ్డ గుర్తు ఎక్కడైనా ఉందా అని వెతికాం. బూడిద పొడిగా ఉంది. రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి చూశాడు. పట్టీలు బిగించాడు. మూతకింద వాషరు మార్చాడు. ఆయిల్లోకి నీళ్లు దిగితే ఆయిలు మజ్జిగలా తెల్లబారుతుందట. ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీసి చూస్తే నల్లగా నిగనిగలాడింది. పొగగొట్టం దగ్గర కూర్చుని, పొగలో తడి ఉందేమోనని అరచెయ్యి అడ్డం పెట్టి వాసన చూశాడు. నేను పక్కనే బోల్టులు తిప్పే పానాలు అందిస్తూ, ఇంత జ్ఞానం ఒక్క తలలో ఎలా పట్టిందా అని ఆశ్చర్యపోతూ, మామను కాపాడు స్వామీ అని మొక్కుకుంటూ ఉన్నాను.

ఇక్కడ నా వేడినీళ్ల సంగతి కూడా చెప్పాలి. కిరసనాయిలు పొయ్యి మహా మొండిది, గంటకు గానీ నీళ్లు కాగేవి కాదు. డాక్టరమ్మ చూస్తే అయిదు నిమిషాలంటుంది. ఏం చెయ్యాలా అని ఏడుపు ముఖం పెట్టుకున్న రోజుల్లో ఒకసారి, మామ బండి దిగగానే రేడియేటరు కింద ఉన్న చిన్న ఇత్తడి కుళాయి తిప్పి, మగ్గుతో పొగలు కక్కే నీళ్లు పట్టుకుని గడ్డం గీసుకోవడం చూశాను. నా కళ్లు తెరుచుకున్నాయి. అనంతగిరి దగ్గర మా ఊళ్లో, మా ఇంటినిండా గొడ్లూ గొర్రెలే. ఆవుకు కుడితి పోస్తాం, అది తాగుతుంది. పొదుగు కింద కూర్చుంటాం, పాలిస్తుంది. పైన పోసేది కుడితి, కింద వచ్చేది పాలు, రెండింటినీ ఎవరూ ఒకటనుకోరు. ఇంజను కూడా అంతే అనుకున్నాను. మామ పోసిన చల్లనీళ్లు తాగి, ఊరూరా పరుగెత్తి, ఆ కష్టంలోంచి మనకు వేడినీళ్లిస్తోంది. మనుషులకు ఇంతకంటే మేలు చేసే జీవి ఉంటుందా అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటి నుంచి రోజుకొక్కసారి, ఊళ్లో బండి ఆగి మామ పటేలుతో మాట్లాడడానికి వెళ్లగానే, కుళాయి కింద చిన్న బిందె పెట్టి పట్టేదాన్ని. నీళ్లు కాస్త ఎర్రగా వచ్చేవి. బేసినులో ఎలాగూ క్రిములు చావడానికి ఎర్రమందు పలుకులు వేస్తాం కనుక తేడా తెలిసేది కాదు. మా నాయన నేర్పిన పద్ధతి కూడా తప్పలేదు. పొదుగు ఎన్నడూ పూర్తిగా పిండకూడదు, దూడ వాటా విడిచిపెట్టాలి. చిన్న బిందె నిండగానే కుళాయి కట్టేసి, బండి ముక్కు నిమిరి వచ్చేదాన్ని. "నీ అంత చురుకైన నర్సును నేను చూళ్లేదమ్మాయ్" అని డాక్టరమ్మ మెచ్చుకుంటే, రహస్యం చెబితే గొప్ప తగ్గిపోతుందని నోరు మూసుకున్నాను.

కోదాడలో పేరున్న మేస్త్రి ఒకాయన ఉండేవాడు. మామ బండిని ఆయనకు చూపించాడు. మేస్త్రి రెండు గంటలు తడిమి, చెయ్యి తుడుచుకుని, "లీకైతే ఒకరోజు ఎక్కువ పోద్ది, ఒకరోజు తక్కువ పోద్ది. కొలిచి పోసినట్టు రోజూ బిందెడు పోయే లీకును నేనెక్కడా చూళ్లేదండీ" అన్నాడు. మామ ఇంకో సంగతి బయటపెట్టాడు. "ఐతారం నాడు సుక్క తగ్గది." (ఆదివారం మేము రోగులను చూసేవాళ్లం కాదు.) మేస్త్రి బండి వైపు చూసి, "ఇంజనుకు కూడా సెలవుంటుందా ఏంటి" అని గొణిగి, చివరికి ఇంజను తలకాయ (హెడ్డు) చిట్లి ఉంటుందనీ, బెజవాడకు చేర్చి మొత్తం విప్పాలనీ, నెలలు పడుతుందనీ తేల్చాడు. తలకాయ చిట్లిందని వినగానే నేను ఏడ్చాను. జబ్బు పడిన జీవిని పిండడం పాపమని తోచి, మర్నాటి నుంచి సగం బిందే పట్టాను. ఆ రోజు నీళ్లు సగమే తగ్గాయి. మామ బిగించిన బోల్టులే పనిచేశాయని ఆయన ముఖం వెలిగింది. నా ముఖమూ వెలిగింది. తీరా మఠంపల్లిలో జనం జాతరలా వచ్చిపడి, డాక్టరమ్మ రెండుసార్లు నీళ్లడిగేసరికి, ఒకటిన్నర బిందె పట్టక తప్పలేదు. సాయంత్రం బండి ఆగిపోయింది. మామ ఖాళీ బిందె పట్టుకుని నీళ్ల కోసం చీకట్లో నడిచి వెళ్లాడు.

హుజూర్‌నగర్‌లో ఆయన చివరి మందు వేశాడు. పాతకాలపు డ్రైవర్ల కిటుకది. రేడియేటరులో గుప్పెడు పసుపు కలిపితే కంటికి కనిపించని చిల్లులు పూడుకుపోతాయట. పొద్దున్నే అంగట్లో పసుపు తెచ్చి, ఎవరికీ చెప్పకుండా పోసి మూత బిగించాడు. ఆ మధ్యాహ్నానికి మిర్యాలగూడ చేరాం. ఉత్తరంలో పెట్టిన గడువు అదే. నేను అలవాటుగా కుళాయి కింద బిందె పెట్టాను. వచ్చిన నీళ్లు చూసి గబుక్కున కుళాయి కట్టేశాను. పచ్చగా, చిక్కగా ఉన్నాయి. నర్సు చదువు చదివినదాన్ని, పచ్చని నీళ్లకు అర్థం నాకు తెలియదా? బిందెను అలాగే బేసినులోకి వంచి, గదిలోకి తీసుకెళ్లాను. అప్పటికే మామ బండి తాళంచెవి బల్లమీద పెట్టి నిలబడ్డాడు. డాక్టరమ్మ కలం పట్టుకుని జవాబు రాయలేక కూర్చుంది. నేను బేసిను వాళ్లిద్దరి మధ్య పెట్టి, "అమ్మా, మన ఇంజనుకు కామెర్లయినయి" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. మామ బేసినులో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. "గిది నేను పొద్దుగాల పోసిన పసుపు" అన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు. "ఎన్ని దినాల సంది పడుతున్నవ్ బిడ్డా?"

"నెల దాటింది మామా. నువ్వు గడ్డానికి పట్టుకుంటుంటే చూసి."

"రోజు ఎంత?"

"చిన్న బిందెడు. దూడకు విడిచిపెట్టి."

"దూడ యాడుంది?"

అంతవరకూ ఆ ప్రశ్న నాకే రాలేదు. డాక్టరమ్మ తన రెండు చేతులూ పైకెత్తి, నెల రోజులుగా వాటితో ఏమేం ముట్టుకుందో తలుచుకున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నా ఉద్యోగం ఎలాగూ పోయింది. అంతకంటే, మామను నడిరోడ్డున పడెయ్యబోయింది నేనేనన్న సిగ్గు నిలువునా దహించింది.

డాక్టరమ్మ కలం సిరాలో ముంచింది. "పైవాళ్లకు ఏమని రాయమంటావు?" అని మామనే అడిగింది. ఆయన నా వైపు చూడలేదు. "లీకు దొరికింది, మల్ల అట్ల గాదు అని రాయుండ్రి. ఎవలు జేసిండ్రో ఆళ్లు అడగరు. అడిగితే నాదే గల్తి అనుండ్రి. ఆ కుళాయి తిప్పుడు మొదలు సూపెట్టింది నేనే గదా" అన్నాడు. ఆవిడ అలాగే రాసింది. తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టి, నాతో మాత్రం, "పొయ్యి ముట్టించమ్మాయ్, నేను గంట ఆగుతాను" అంది.

ఆ సాయంత్రం మామ బానెట్ ఎత్తి నన్ను పక్కన నిలబెట్టుకుని చూపించాడు. నీళ్లు పంపు తోస్తే ఇంజను చుట్టూ తిరిగి, దాని వేడంతా మోసుకొచ్చి, ముందున్న సన్న గొట్టాల్లో గాలికి చల్లారి, మళ్లీ అవే లోపలికి పోతాయి. కొత్తవి పుట్టవు, పాతవి పోవు. నెత్తురు గుండెలోంచి ఎలా తిరుగుతుందో నేను బట్టీపట్టి పరీక్ష రాశాను గానీ, అది నిజంగా అర్థమైంది మిర్యాలగూడలో ఆ బానెట్ కింద నిలబడ్డప్పుడే. పాలిచ్చే ఇంజను కంటే అది ఇంకా పెద్ద వింతగా తోచింది. చేతులు జోడించాను. మామ నవ్వలేదు, తానూ జోడించాడు.

తర్వాత ఎన్నో ఏళ్లు దవాఖానల్లో పనిచేశాను, నా కింద ఎందరో ఆడపిల్లలు పని నేర్చుకున్నారు. వాళ్లలో ఎవరైనా తెలివితక్కువ పనిచేసి తల దించుకుని నిలబడితే, తిట్టడానికి నోరు తెరిచి, మామ ఆ రోజు నా వైపు చూడకుండా చెప్పిన మాట గుర్తొచ్చి, ఊరుకునేదాన్ని. ఆ అమ్మాయిలు నన్ను మంచిదాన్ననుకునేవారు. బిందె పట్టుకుని ఇంజను ముక్కు నిమిరే పందొమ్మిదేళ్ల పిల్లను వాళ్లు చూడలేదు కదా. నాకు మాత్రం ఆ పిల్ల అప్పుడప్పుడూ కనిపిస్తుంది. నవ్వొస్తుంది, దాన్ని దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది.