చున్నీ కింది చిట్టీ

మన దాపరికాలన్నీ ఎరిగి కూడా మనల్ని బిడ్డలని పిలిచే దేవునికి స్తోత్రం. దావీదు చేసిన తప్పును దాచకుండా గ్రంథంలో రాయించినవాడు, అదే దావీదు నోట కీర్తనలు పలికించినవాడు ఆయనే. ఆ ధైర్యంతోనే ఈ సంగతి మీకు చెబుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, భక్తి అంటే నలుగురికి కనబడాల్సిన వస్తువని నా గట్టి నమ్మకం. డిగ్రీ చదువుతున్నాను, పైగా ఆదివారం బడి టీచర్ని. మర్రిగూడ దిక్కు మా ఊరి సంఘంలో ముప్పై మందిమి ఉంటే, పాటకు తోడు ఒక్క జత తాళాలు ఉండేవి. మా అవ్వ పల్లవి ఎక్కడ ఎత్తుకుంటే అదే మా శృతి. ఆమె ఎత్తు మామూలు ఎత్తు కాదు. రెండో చరణానికి మగవాళ్లు, మూడో చరణానికి ఆడవాళ్లు ఆగిపోయేవారు. చివరి చరణంలో అవ్వ, దేవుడు ఇద్దరే మిగిలేవారు. అందుకే, పాలమూరులో కీర్తనల పోటీ పెడుతున్నారనీ, గెలిచిన సంఘానికి హార్మోనియం ఇస్తారనీ తెలియగానే అందరూ నా దిక్కు చూశారు. "సదువుకున్నదానివి, పాటలు రాసినోళ్ల పేర్లు నీకు రాకపోతే ఇంకెవరికొస్తయే?" అన్నది అవ్వ.

మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైన రాగం, తాళం, కింద రాసినవారి పేరు ఉంటాయి. పాడేటప్పుడు వాటిని ఎవరూ చూడరు. పోటీ మొత్తం వాటి మీదే. నేను నెల రోజులు బట్టీ పట్టాను. ఆనందభైరవి పట్టుకుంటే కాంభోజి జారిపోయేది, ఒక కవి గుర్తుంటే ఇంకో కవి అలిగి వెళ్లిపోయేవాడు. చివరికి కవుల పేర్లు, వాళ్ల పాటలు, రాగాలు చీమ తలకాయంత అక్షరాలతో ఒక చిట్టీ మీద రాసి బైబిల్లో పెట్టుకున్నాను. (ధైర్యానికే అనుకున్నాను. ఏదెను తోటలో హవ్వ కూడా ఊరికే చూద్దామనే అనుకొని ఉంటుంది.)

పోటీ రోజు గుడి నిండా జనం. ప్రశ్నలు అడిగే అయ్యగారు నా మొదటి పొడుపు విప్పమన్నారు: "ఈ కీర్తన రాసినాయన బడిపంతులు. మన పుస్తకంలో ఆయనవి రెండే పాటలు. ఒకటి మోహన రాగం. రెండోది ఏ పాట?" నా తలలో గాలి తప్ప ఏమీ లేదు. చున్నీ తల మీదికి లాక్కొని, ముఖం కనబడకుండా వంచి, బైబిలు సందులో చూసి, తల ఎత్తి జవాబు చెప్పాను. అయ్యగారు మైకు పట్టుకొని జనం దిక్కు తిరిగి, "చూసిండ్రా? ఈ బిడ్డ ముందు ప్రార్థన చేసింది, తర్వాత జవాబు చెప్పింది" అన్నారు. గుడి అంతా ఆమెన్ అన్నది. ఆ మాట అక్కడే సరిదిద్దాలి కదా. నేను వినయంగా తల వంచాను.

ఇక అక్కడి నుంచి అందరూ ప్రార్థన మొదలుపెట్టారు. ఒకాయన కళ్లు మూసుకొని లోకశాంతి దాకా వెళ్లి, గంట కొట్టినాక తిరిగి వచ్చాడు. ఇంకొకామె ప్రార్థించి మరీ తప్పు జవాబు చెప్పి, దేవుని వైపు ఒక రకంగా చూసింది. చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ, షాద్‌నగర్ సంఘం నుంచి వచ్చిన కంపౌండర్ తాత. ఆయన దవాఖానలో నౌకరీ చేసి దిగిపోయిన పెద్దమనిషి. కవి పేరు అడిగితే పాటంతా లోపల పాడుకొని, చివరి చరణం దగ్గర ఆ పేరును పట్టుకొచ్చేవాడు.

ఆఖరి పొడుపుకు అయ్యగారు ఒక కవి పేరు చెప్పారు. (ఆ పేరు ఇప్పుడు నన్ను అడగకండి, చిట్టీ నా దగ్గర లేదు.) "ఈయనవి ఐదు కీర్తనలు. నాలుగు ఒకే రాగం. రాగం మారిన పాట ఏది? ముందు మనమందరం కండ్లు మూసుకొని ఈ ఇద్దరి కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. గుడి మొత్తం కళ్లు మూసుకున్నది. నేను తెరిచాను. చిట్టీ చూసి తల ఎత్తేసరికి, రెండో వరుసలో మా అవ్వ నన్నే చూస్తున్నది.

అయినా జవాబు చెప్పాను. తాత ఇంకా మూడో పాట పాడుకుంటూనే ఉన్నాడు.

హార్మోనియం నా చేతికిచ్చాక ఆయన వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. "దేవుడు నీకు చెప్పిండు బిడ్డా. అరవై ఏండ్ల సంది పాడుతున్న, నాకు చెప్పలే. నాలో ఏం తప్పు కనబడ్డదో" అని మెల్లగా వెళ్లిపోయాడు.

బస్సు జడ్చర్ల దాటినాక అవ్వ తన ఒడిలో ఉన్న హార్మోనియం పెట్టెను తడిమి, "పెట్టె మంచిగున్నది. ఆ ముసలాయన ఇయ్యాల బువ్వ తింటడో లేదో" అన్నది. అంతే.

ఆదివారం సంఘం ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. మరునాడు అవ్వా నేనూ పెట్టె మోసుకొని షాద్‌నగర్ పోయాం. తాత వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ఆయన భార్య, "పాలమూరు నుంచి వచ్చిన కాన్నుంచి పాట బంద్ పెట్టిండమ్మా" అని చెప్పింది. నేను చిట్టీ తీసి ఆయన చేతిలో పెట్టి, ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన అద్దాలు పెట్టుకొని చిట్టీ మొత్తం చదివాడు.

"అయితే దేవుడు నీకు గూడ చెప్పలే?"

"చెప్పలే తాతా."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ చెప్పలే."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏమే, ఇన్నవా? గీ పిల్ల చిట్టీ పెట్టిందట" అని లోపలికి కేకేశాడు, శుభవార్త చెప్పినట్టు. నా పాపానికి అంత సంతోషించిన మనిషిని మళ్లీ చూడలేదు. చిట్టీలో రెండు రాగాలు తప్పు రాశానని కూడా చూపించాడు. పెట్టె ముందు పెట్టుకొని పాట ఎత్తుకుంటే అవ్వ గొంతు కలిపింది, ఆ ఒక్క రోజు మాత్రం అందే శృతిలో.

ఇప్పుడు ఆ తాత లేడు, అవ్వా లేదు. నన్ను మాత్రం కూడికల్లో ఇంకా "ప్రార్థనాపరురాలు" అని పరిచయం చేస్తుంటారు. వెంటనే నాకు దగ్గు వస్తుంది. ఆ వయసులో అంత నమ్మకంగా తల వంచిన పిల్లను తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి, వెనకనే నవ్వూ వస్తుంది. చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మమ్మల్ని ఎవరైనా మెచ్చుకున్న రోజున, ఆ మెప్పు వల్ల పక్కన ఎవరు చిన్నబోయి కూర్చున్నారో చూసే కళ్లు మాకు ఇవ్వు. ఆమెన్.