పాడుచేయడానికి ఒక డిస్క్

2023 చలికాలం. డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో, చిన్న సంస్థల సర్వర్లు చూసుకునే కంపెనీలో పనిచేస్తున్నాను. లైనక్స్‌తో పదిహేడేళ్ళు గడిపాక కుతూహలం పోయి ఓపిక ఒక్కటే మిగిలింది. ఆ ఏడు అదీ అడుగంటింది.

అప్పుడే స్వరూప మా టీమ్‌లో చేరింది. కరీంనగర్ మనిషి. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆరేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగానికి వచ్చింది. అమీర్‌పేట కోచింగ్‌లో రాసుకున్న నోట్సు వెంట తెచ్చుకుంది. కమాండ్లన్నీ కంఠతా వచ్చు, ఒక్కటీ కొట్టదు.

"డిస్క్ పోతే ఎట్ల అన్నా? భయమైతుంది."

"పోయినా ఫరవాలేని డిస్క్ ఇస్తాలేమ్మా," అన్నాను. నేర్పే ఓపిక లేక అన్న మాట అది. ఆమె ల్యాప్‌టాప్‌లో ఒక ఖాళీ ఫైల్ చేసి, సిస్టమ్ దాన్నే డిస్క్ అనుకునేలా పెట్టాను. దీన్ని లూప్ డివైస్ అంటారు. ఏం చేసినా పోయేది ఆ ఫైలే.

రోజూ టీ తాగుతూ స్వరూప దాన్ని పాడుచేసేది. ముందు కాపీ తీసి పక్కన పెట్టుకుని, అసలు దాని మీద చెత్త రాసి, fsckతో బాగుచేసేది. దెబ్బతిన్న ఫైల్ సిస్టమ్‌ను, అంటే డిస్క్‌లో ఫైళ్ళ అమరికను, సరిచేసే టూల్ అది. "ఈసారి ఫైళ్ళ పేర్లన్నీ పోయినయ్ అన్నా," అని నవ్వేది. నేను తలెత్తకుండా ఊఁ అనేవాణ్ణి. ఈ వయసులో ఆటలేమిటని లోలోపల విసుక్కున్నాను కూడా.

మార్చిలో ఒక క్లయింట్ సర్వర్ డిస్క్ మొరాయించింది. నడవలేని పిల్లల కాళ్ళకు ఊతపట్టీలు చేసే వర్క్‌షాప్ వాళ్ళది. కొలతల కోసం తీసిన కాళ్ళ స్కాన్లన్నీ అందులోనే ఉన్నాయి. మూడు వారాలుగా బ్యాకప్ ఆగిపోయిందని నాకు తెలుసు. రేపు చూద్దామని రోజూ వాయిదా వేసింది నేనే.

వర్క్‌షాప్ యజమానురాలు మెయివ్ ఫోన్ చేసింది. "స్కాన్ తీసేటప్పుడు కదలకుండా ఉంచడానికి ఆ పిల్లల్ని ఎంత ఏడిపించామో. మళ్ళీ రమ్మని అడగలేను. అంతా గ్రాండే కదా?"

ఇక్కడివాళ్ళ మాటలో గ్రాండ్ అంటే బాగానే ఉందని. గ్రాండే అన్నాను. అడిగిన ప్రతిదానికీ అవునని తనే జవాబిచ్చేసుకునేలా fsck టైప్ చేసి, ఎంటర్ మీద వేలు పెట్టాను.

"కాపీ తీయలే కదన్నా?" పక్కనుంచి స్వరూప.

"టైమ్ లేదమ్మా."

"నేను గిట్లనే చేసి పేర్లన్నీ పోగొట్టుకున్న. కాపీల మీద చేద్దాం. ఒకటి ఖరాబైతే ఇంకోటి ఉంటది."

వాదించే ఓపిక కూడా లేక వేలు తీశాను. కాపీలకే మధ్యాహ్నం దాకా పట్టింది. మొదటిదాని మీద నా కమాండే నడిపాను. స్కాన్లన్నీ పేర్లు పోయి ఉత్త నంబర్లయ్యాయి, సగం తెరుచుకోలేదు. ఏ పిల్లవాడి కాలు ఏదో చెప్పే దారి లేదు.

రెండో కాపీ స్వరూప తీసుకుంది. ఫైల్ సిస్టమ్ తన ముఖ్య వివరాలకు డిస్క్‌లో వేరేచోట్ల నకళ్ళు దాచుకుంటుంది. అందులో ఒక నకలు ఆధారంగా fsck నడిపింది. స్కాన్లు పేర్లతో సహా తెరుచుకున్నాయి.

మెయివ్‌కు ఫోన్ చేసి, బ్యాకప్ తప్పు నాదేనని చెప్పాను.

పదిహేడేళ్ళూ పాడైన డిస్కులే చూశాను. ఒక్కదాన్ని కూడా నా అంతట నేను తీరిగ్గా పాడుచేసి చూడలేదు. భయం లేకపోవడాన్నే పనితనం అనుకున్నాను. మర్నాడు టీ వేళ స్వరూప పక్కకు కుర్చీ లాక్కున్నాను.

"నాకూ ఒక డిస్క్ చేసిపెట్టమ్మా."