ర్యాంపు లేని లైబ్రరీ

ఏళ్లుగా ఈ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతూ వచ్చింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో.

నేను ఆర్కిటెక్టుని. అరకు దగ్గర కొండవాలులో ఒక యూనివర్సిటీకి లైబ్రరీ కట్టాను. ముందంతా అద్దాలు. లోపల కూర్చుంటే కాఫీ తోటల మీదకి దిగే మంచు కనిపిస్తుంది. కింది నుంచి చూస్తే వెడల్పాటి మెట్లు నేరుగా ఆ అద్దాల్లోకి ఎక్కిపోతున్నట్టుంటాయి. ఆ మెట్ల ఫొటోతోనే నాకు పేరొచ్చింది.

అక్కడ బోటనీ చెప్పే సుభద్ర మేడమ్‌ది మన్యంలోని ముంచింగిపుట్టు. చిన్నప్పుడు పోలియో రావడంతో చక్రాల కుర్చీలోనే తిరుగుతారు. లైబ్రరీ కావాలని అందరికంటే ఎక్కువగా పోరింది ఆవిడే. మొదటి ప్లానులో ర్యాంపు గీశాను. కానీ అది మెట్లకి అడ్డంగా వచ్చి, బిల్డింగు ముఖాన్ని కోసేసినట్టు కనిపించేది. చూసినప్పుడల్లా చిరాకు. పక్కకి తిప్పొచ్చు, తిప్పితే కొన్ని అద్దాలు పోతాయి. పోతే ఏమయ్యేది? అప్పుడా ప్రశ్న వేసుకోలేదు. ర్యాంపే తీసేశాను.

ప్రారంభోత్సవం రోజు ఆవిడ మెట్ల కింద కుర్చీ ఆపి పైకి చూశారు.

"ఏటి సార్, మెట్లేనా?"

"కింద పెద్ద బండ తగిలింది మేడమ్. ర్యాంపు కుదర్లేదు."

బండ లేదు. తవ్వినంతమేరా ఎర్రమట్టే.

"బండుంటే మీరేటి సేత్తారు సార్. నా కోసం సూసేరు, అదే సాలు."

నవ్వారు కూడా. తిట్టి ఉంటే నిజం చెప్పేవాడినా? ఏమో. చెప్పేవాడినని అనుకోవడం కూడా నన్ను నేను వెనకేసుకు రావడమేనేమో.

తర్వాత అక్కడివాళ్లు ర్యాంపు కట్టాలని అనుకున్నప్పుడల్లా, కింద బండ ఉందట కదా అని మానుకున్నారు. నా అబద్ధం అలా నిలబడిపోయింది. పిల్లలు పుస్తకాలు కిందకి తెచ్చిస్తే ఆవిడ మెట్ల పక్క రేకుల షెడ్డులో చదువుకునేవారు. చలికాలం మావాళ్లు లంబసింగి, అరకు వెళ్దామంటే నాకేదో ఒక పని అడ్డొచ్చేది.

మొన్న ఆవిడ ఫోన్ చేశారు. త్వరలో రిటైరవుతున్నారట. ఆడపిల్లల హాస్టల్ కొత్తగా కడుతున్నారట. తనలాంటివాళ్ల కష్టం తెలిసిన మనిషినని ఆ పనికి నా పేరే చెప్పారట. ఇక ఉండబట్టలేకపోయాను. అక్కడ బండ లేదని, మెట్లు అందంగా కనబడాలనే ర్యాంపు తీసేశానని చెప్పేశాను.

ఆవిడ ఫోన్ పెట్టేశారు.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఎత్తాలని అడిగే హక్కు నాకు లేదు. రేపు ర్యాంపు కట్టినా, ఆవిడ అందులో చదువుకోవాల్సిన రోజులు తిరిగి రావు. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. కానీ దాచడానికి ఇక ఏమీ లేదు.