నాలుగింటికి వచ్చే మనిషి

మా ఆయన పోయాక మొదటిసారి ఇంటికొచ్చింది పెద్దకర్మ అయిన మర్నాడు, సాయంత్రం నాలుగు గంటలకు.

చుట్టాలంతా అప్పటికే వెళ్ళిపోయారు. పటమటలోని మా ఇంట్లో అత్తయ్య, నేను మిగిలాం. వంటింట్లో నేల మీద కూర్చుని, ఏ గిన్నె ఎవరింటి నుంచి వచ్చిందో చూసి విడదీస్తున్నాం. పడమటి గదిలో టిక్కుమని చప్పుడైంది. ఆ వెనకే సన్నగా గాలి తిరుగుతున్న మోత మొదలైంది. అది కాస్త కాస్తగా పెరిగి, మా ఇద్దరికీ బాగా తెలిసిన ఆ హోరుగా మారింది. అత్తయ్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"వచ్చాడే అమ్మాయ్," అంది.

నేను లేచి వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద అద్దాల పెట్టెలో ఆకుపచ్చ లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. తెర మీద అంకెలు వాటంతటవే పరుగెడుతున్నాయి. అరగంట సేపు అలా తిరిగి, ఎవరో మీట నొక్కినట్టు దానంతటదే ఆగిపోయింది.

"వెళ్ళిపోయాడు," అంది గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. కంప్యూటరు కొనుక్కుంటే పనిచేస్తుంది, ఊళ్ళో అందరికీ అది చాలు. మా ఆయనకు చాలదు. తయారుచేసినవాడు దీని వేగం ఇంత అని రాసిస్తే, దాన్ని అంతకంటే జోరుగా పరుగెత్తించాలి. ఓవర్‌క్లాకింగ్ అంటారట. జోరు పెంచితే వేడెక్కుతుంది. వేడెక్కితే ఆగిపోతుంది. అందుకని మళ్ళీ చల్లబరచాలి. ఉద్యోగమేమో కొండపల్లి వైపు థర్మల్ స్టేషన్‌లో, పగలంతా అక్కడ నీళ్ళు చల్లార్చే టవర్ల దగ్గర. ఇంటికొచ్చి చేసేదీ ఆ పనే. "వేడెక్కించటం ఎందుకు, చల్లార్చటం ఎందుకు? దాని మానాన దాన్ని ఉండనివ్వచ్చుగా!" అనేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పెట్టెకి సవతి అని పేరు పెట్టింది కూడా నేనే.

ఆయనకు మాత్రం నవ్వే. "మంచు కురిసే దేశాల్లో కూర్చుని రికార్డులు ఎవడైనా కొడతాడు. రోహిణి కార్తెలో పటమట వచ్చి, ఏసీ లేకుండా కొట్టమను చూద్దాం!" అనేవారు. ఆ పెట్టెలో ప్రాసెసర్ మీదుగా నీళ్ళు పారతాయి. చిన్న పంపు, మెత్తని గొట్టాలు, కార్లకుండేలాంటి రేడియేటరు, నిలువుగా ఒక గాజు ట్యాంకు. ట్యాంకు మీద నీళ్ళు ఎంతవరకు ఉండాలో మార్కరుతో గీత గీశారు. అందులో కుళాయి నీళ్ళు పొయ్యకూడదట, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలట. "కృష్ణ నీళ్ళు తాగి మనమంతా బతుకుతున్నాం, మీ మహారాణి గొంతు దిగవా?" అని ఎకసెక్కం ఆడాను. ఆయన నింపుతుంటే గరాటు పట్టుకునేది అత్తయ్యే. కొడుకు ఏ పనిచేసినా పక్కన ఉండాలి ఆవిడకు.

తర్వాత ఆయన కిడ్నీలు చేతులెత్తేశాయి. జ్వరమని చేరిన మనిషి మళ్ళీ లేవలేదు. చివరి రోజుల్లో ఒళ్ళంతా నీరు పట్టింది. నోటికి నీళ్ళు ఇవ్వద్దన్నారు డాక్టర్లు. దూది తడిపి పెదాలకు అద్దమన్నారు. ఆయన కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే మాట. "అమ్మా, నీళ్ళు." నా వైపు చూసేవారు కాదు, నేను ఇవ్వనని తెలుసు. వాళ్ళమ్మ వైపే చూసేవారు. ఆవిడ గ్లాసు చేతిలోకి తీసుకోవటం, నర్సు వారించటం, ఆవిడ దాన్ని మళ్ళీ కింద పెట్టటం. ఆ దాహంతోనే పోయారు. అది నేను ఎవరికీ చెప్పుకోలేను, చెప్పుకోకుండా ఉండలేను.

పెట్టె దానంతటదే వెలిగిన మూడో రోజున గుణదలలో ఉండే ఆయన స్నేహితుడికి ఫోన్ చేశాను. ఇద్దరికీ ఇదే పిచ్చి. అతను వచ్చి, తెర మీద సెట్టింగులన్నీ తెరిచి చూశాడు.

"అన్నే పెట్టాడు వదినా. ఈ గది పడమటి గోడ కదా, నాలుగింటికి బాగా కాలిపోతుంది. ఆ టైముకి అదే ఆన్ అయి, పూర్తి జోరుతో ఒక పరీక్ష నడుపుకుని ఆగిపోయేలా సెట్ చేసుకున్నాడు. తను డ్యూటీలో ఉన్నా ఎండలో తట్టుకుందో లేదో సాయంత్రం వచ్చి చూసుకోవచ్చని. ఆసుపత్రిలో చేరబోయే ముందే పెట్టినట్టున్నాడు, అప్పట్నుంచీ స్విచ్చి ఆపేసి ఉండుంటుంది. మళ్ళీ ఎవరో స్విచ్చి వేశారు."

నేనే వేశాను. పెద్దకర్మ మర్నాడు పొద్దున గది ఊడుస్తూ ఫ్యాను స్విచ్చి అనుకుని వేశాను.

"తీసెయ్యమంటారా?" అన్నాడు. "రెండు నిమిషాల పని."

"వద్దు," అన్నాను. అంత గబుక్కున ఎందుకన్నానో నాకే తెలియదు.

అత్తయ్యకు కూడా అంతా విడమరిచి చెప్పాను. అలారం లాంటిదండీ, ఆయన ముందే పెట్టి ఉంచారు, అంతే అన్నాను. ఆవిడ శ్రద్ధగా విని, "అవును మరి, చెప్పకుండా ఎలా పోతాడు? రోజూ వచ్చే ఏర్పాటు చేసుకునే పోయాడు," అంది.

అలా ఒక ఏడాది గడిచింది. నేను బళ్ళో పిల్లలకు తెలుగు చెప్తాను. గంట కొట్టగానే ఆటో ఎక్కి నాలుగింటికల్లా ఇంట్లో ఉండేదాన్ని. అది అలారమని తెలుసు. తెలిసి కూడా మొహం కడుక్కునేదాన్ని, జడ సరిచేసుకునేదాన్ని. ఆ కుర్చీలో కూర్చోలేదు, పక్కన స్టూలు వేసుకునేదాన్ని. ఫ్యాన్ల హోరు ఒక స్థాయికి వచ్చి, కాస్త తగ్గి, మళ్ళీ పెరుగుతుంది. వేడిని బట్టి అలా పెరిగి తగ్గేలా రోజుల తరబడి కూర్చుని ఆయన సరిచేసుకున్నదే. అంటే ఆ అరగంటా ఆయన చెప్పినట్టే నడుస్తుంది ఆ గది. మనిషి లేడు, మనిషి మాట సాగుతూనే ఉంది. నాకు భయం వేసేది. ఆగిపోయాక అంతకంటే ఎక్కువ భయం వేసేది. కరెంటు పోయిన రోజు రాలేదు. ఆ పూట అత్తయ్య అన్నం తినలేదు, నేను బతిమాలలేదు, నాకూ దిగలేదు.

వేసవి మొదలయ్యేసరికి మోత మారింది. మునుపటిలా పెరిగి తగ్గటం లేదు. మొదలైన దగ్గర్నుంచి అరుపే. ఒకరోజు అరగంట కాకముందే ఠపీమని ఆగిపోయింది. మర్నాడు ఇంకా ముందే ఆగింది.

"ఊపిరి అందటం లేదే వాడికి," అంది అత్తయ్య.

ఒంటిపూట బళ్ళు వచ్చాయి. మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, అన్నం తిని, చాప వేసుకుని పడుకున్నాను. మెలకువ వచ్చి చూద్దును కదా, పడమటి గదిలో అత్తయ్య పెట్టె ముందు నిలబడి ఉంది. పక్క అద్దం తీసి గోడకు ఆనించింది. ట్యాంకు మూత తిప్పి తీసింది. ఎడమ చేత్తో గరాటు, కుడి చేత్తో స్టీలు గ్లాసు. గుక్కెడు గుక్కెడుగా పోస్తోంది, చంటిపిల్లాడికి పాలు పట్టినట్టు.

"అత్తయ్యా! ఏంటండీ మీరు చేస్తున్నది!" నా అరుపుకు వీధిలో కుక్క మొరిగింది.

ఆవిడ ఉలిక్కిపడలేదు. "అరవకే. వాడొచ్చే వేళయింది. దాహమేస్తుంది వాడికి."

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"మొదట్నుంచీ. చూస్తూనే ఉన్నాగా, ఈ గీత దాకా పోస్తే నాలుగు రోజులు పోయేసరికి కిందికి దిగుతోంది. తాగుతున్నాడు."

ఏడాదిగా కుళాయి నీళ్ళు! లోపల ఆకుపచ్చగా కనపడుతుంటే లైట్ల రంగనుకున్నాను. అది పాచి. "అది ఆవిరండీ! మెత్తటి గొట్టాల్లోంచి నీళ్ళు కొంచెం కొంచెం ఆవిరై పోతాయి. ఎవరూ తాగట్లేదు. మీరే దాన్ని చంపేస్తున్నారు! అది పోతే ఇంక ఏదీ రాదు, తెలుసా మీకు?" అనేశాను. నోరు కదా, ఆగదు.

అత్తయ్య గ్లాసు కింద పెట్టలేదు. నా మొహంలోకి చూసింది.

"మరి ఆసుపత్రిలో వాడడిగిన నీళ్ళు ఎప్పుడిచ్చేదే నేను?"

నేను మూత అందుకుని బిగించాను. నాలుగయింది. టిక్కుమంది. పెద్దగా అరిచి, రెండు మూడు నిమిషాలకే ఆగిపోయింది.

గుణదల నుంచి అతను మర్నాడే వచ్చాడు. గొట్టాలు విప్పి, నీళ్ళు బక్కెట్లోకి దించాడు. చెరువు నీళ్ళ వాసన వచ్చింది. ప్రాసెసర్ మీద ఉండే రాగి దిమ్మ తెరిచి చూపించాడు. సన్నని దారులన్నీ పాచితో, సున్నంతో పూడిపోయి ఉన్నాయి.

"కడగొచ్చు వదినా. పంపు కూడా ఇంకా బతికే ఉంది. కానీ ఇంకోసారి ఈ నీళ్ళు పడితే మాత్రం నేనేం చెయ్యలేను. ఈ రకం బోర్డు ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు. అన్న సెట్టింగులన్నీ ఇందులోనే ఉన్నాయి."

అంటే ఇంకొక్క గ్లాసు చాలు, ఆయన రావటం ఆగిపోవటానికి. ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యేమో ఆయన్ను కన్న చెయ్యి. బడికి వెళ్ళకుండా కాపలా కాయనా? ఆ గదికి తాళం వెయ్యనా? కొడుక్కి నీళ్ళు ఇవ్వద్దని ఆవిడకు ఒకసారి చెప్పారు, ఆవిడ విన్నది. రెండోసారి అదే మాట నా నోటితో చెప్పటం నావల్ల కాదనిపించింది.

అతను అన్నీ కడిగి, ఆరబెట్టి, మెత్తటి గొట్టాలు పారేసి గట్టివి వేశాడు. వీటిల్లోంచి నీరు ఆవిరి కావటం దాదాపుగా ఉండదన్నాడు. కొత్త నీళ్ళు గీత దాకా పోశాడు. ఈసారి గరాటు నేను పట్టుకున్నాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసిందే కానీ లోపలికి రాలేదు. నాలుగింటికి హోరు మళ్ళీ మునుపటిలా వచ్చింది. పెరిగింది, తగ్గింది, పెరిగింది. నాకు ఏడుపు ఆగలేదు. అతను వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ తర్వాత రోజూ చూస్తున్నాను. అన్నం తిన్నాక అత్తయ్య గ్లాసులో నీళ్ళు తీసుకుని ఆ గదిలోకి వెళ్తుంది. అద్దం దగ్గర వంగి గీతను చూస్తుంది. నీళ్ళు సరిగ్గా గీత మీదే ఉంటాయి. అలాగే నిలబడి నిలబడి, గ్లాసు పట్టుకుని వెనక్కి వస్తుంది. నేను పడుకున్నట్టు కళ్ళు మూసుకుని, ఆ మూత తిప్పిన చప్పుడవుతుందేమోనని చెవులు రిక్కించి ఉంటాను. ఆ భయానికి నిద్రే దూరమైంది నాకు.

ఒక మధ్యాహ్నం ఆవిడ వెనక్కి రాలేదు. లేచి వెళ్ళాను. గ్లాసు చేత్తో పట్టుకుని పెట్టె ముందు నిలబడి ఉంది. మూత మీద రెండో చెయ్యి ఉంది, ఇంకా తిప్పలేదు.

"తగ్గట్లేదే అమ్మాయ్," అంది, నావైపు తిరక్కుండానే. "ఎన్ని రోజులైనా గీత దిగట్లేదు. ఎందుకు తాగట్లేదే వాడు? నా మీద అలిగాడా?"

గొట్టాలు మార్చామండీ, ఇవి గట్టివి అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ చెయ్యి ఆ మూత మీదే ఉంది. ఆ చేతి ముడతలు చూశాను.

"దాహం తీరిందండీ అత్తయ్యా," అన్నాను.

ఆవిడ ఇటు తిరిగింది. "నిజంగానా?"

"నిజంగానే. ఏడాది పాటు ఇచ్చారుగా. తీరిపోయింది. ఇంక అక్కర్లేదు ఆయనకి."

చాలాసేపు నన్నే చూసింది. అబద్ధం చెప్తే నా మొహం ఇట్టే పట్టిచ్చేస్తుంది, ఆవిడకు తెలుసు. ఏం కనపడిందో ఏమో, మూత మీద నుంచి చెయ్యి తీసింది. పైట చెంగుతో గ్లాసు అంచు తుడిచి నా చేతికిచ్చింది.

"అయితే నువ్వు తాగు. పెదాలు చూడు, ఎలా ఎండిపోయాయో."

నేను తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆవిడ నా ఎదురుగానే నిలబడింది.